ఐర్లండ్ పల్లెలో పవిత్ర బావి కథను సేకరించే పద్ధతి

ఐర్లండ్‌లో భక్తులు ప్రార్థనలకు, జబ్బులు నయం కావాలని వెళ్లే పవిత్ర బావులు దాదాపు 3,000 ఉన్నాయని అంచనా. బావి అనగానే గిలక, చేద, లోతైన ఒర మనకు కళ్లముందు మెదులుతాయి గానీ, అక్కడివి చాలావరకు పొలం అంచునో పాత శ్మశానం పక్కనో రాళ్లు పేర్చి కాపాడుకుంటున్న ఊటలు. చెలమ అంటేనే వాటికి సరిగ్గా నప్పుతుంది.

బయలుదేరే ముందే కొంత చదువుకోవాలి. 1937 నుంచి 1939 వరకు ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ బడిపిల్లల చేత ఇంటి పెద్దలను, ఇరుగుపొరుగు వారిని అడిగించి ఊరి కథలు రాయించింది. పవిత్ర బావులు ఆ అంశాలలో ఒకటి. ఆ రాతలు ఇప్పుడు దూఖస్ (duchas.ie) అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి కనుక, మీరు వెళ్లబోయే ఊరి పేరుతో వెతకండి. ఊరి పేరును కూడా పరిశీలించండి: ఐరిష్‌లో 'టోబర్' అంటే బావి, మేయో కౌంటీలోని బాలిన్‌టబ్బర్ అంటే బావి ఉన్న ఊరు.

బావి ఎవరి పొలంలో ఉందో కనుక్కొని, అనుమతి తీసుకొని, దాటిన గేటును మళ్లీ మూసి వెళ్లండి. భక్తులు సాధారణంగా సూర్యుడు తిరిగే దిశలోనే, అంటే మన ప్రదక్షిణ దిశలోనే, ప్రార్థనలు చదువుతూ చుట్టు తిరుగుతారు. కొన్నిచోట్ల లెక్క తప్పకుండా చుట్టుకొక గులకరాయి వేస్తారు. ఎన్ని చుట్లు, ఏ ప్రార్థనలు అన్నది బావి బావికీ మారుతుంది కాబట్టి, ఊరివారిని అడగకుండా ఏదీ రాయకండి.

బావి పక్కనున్న చెట్టుకు భక్తులు కట్టిన గుడ్డపీలికలను తాకవద్దు. పీలిక చీకిపోయేకొద్దీ దానిని కట్టినవారి జబ్బు తగ్గుతుందని, విప్పి తీసుకెళ్లినవారికి ఆ జబ్బు అంటుకుంటుందని నమ్మకం. అందువల్ల, చీకిపోని ప్లాస్టిక్ రిబ్బను కట్టడం ఆ ఆచారానికే విరుద్ధం, చెట్టుకూ హాని.

పెద్దలతో మాట్లాడేటప్పుడు, ఈ నీరు ఏ జబ్బుకు మంచిదంటారు, బావికి ఎవరైనా అపచారం చేశారా అని అడిగి, వారిని చెప్పనివ్వండి. బట్టలుతికి మైల చేస్తే అలిగి రాత్రికి రాత్రే చోటు మారిన బావులు, ఎంత కాచినా మరగని నీళ్లు, కంటపడితే జబ్బు నయమయ్యే చేప: ఇవి ఎన్నో ఊళ్లలో వినిపించే కథలే. ఒకే ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా చెప్పినా, నా అభిప్రాయంలో, రెండింటినీ కలిపి ఒకటిగా చేయడం తప్పు; ఎవరు ఎవరి నోట విన్నారో సహా విడివిడిగానే రాసుకోవాలి. బావి వేల ఏళ్లనాటిదని ఆధారం లేకుండా మీ మాటగా చేర్చకండి.

క్లేర్ కౌంటీ లిస్కానర్ వద్ద, ఐర్లండ్‌వారు కొలిచే క్రైస్తవ సాధ్వి సెయింట్ బ్రిజిడ్ పేరున ఉన్న బావికి దారితీసే ఇరుకు నడవలో గోడల నిండా జపమాలలు, పోయినవారి ఫోటోలు కనిపిస్తాయి. వాటిని కెమెరాలో బంధించకుండా, చూసినంత వరకు రాసుకోవడమే మర్యాద. బ్రిజిడ్ పండుగ ఫిబ్రవరి 1న. అటువంటి రోజున మళ్లీ వెళ్లి, మీ రాతను ఊరి పెద్దలకు చదివి వినిపించి, వారు దిద్దిన మాటలను పక్కనే చేర్చుకోండి.