పవర్‌బాల్ నంబర్ల ఎంపిక పద్ధతులను మీరే పరీక్షించుకోవడం ఎలా?

అమెరికాలో పవర్‌బాల్ లాటరీ జాక్‌పాట్ (నంబర్లన్నీ కలిస్తే వచ్చే మొదటి బహుమతి) పెరిగినప్పుడల్లా ఆఫీసులో నలుగురూ తలా కొంత వేసుకుని టికెట్లు కొనడం మన తెలుగువారిలోనూ మామూలే. సరిగ్గా అప్పుడే ‘ఎక్కువసార్లు వచ్చిన నంబర్లు’, ‘చాలాకాలంగా రాని నంబర్లు’, సంఖ్యాశాస్త్రం, సాఫ్ట్‌వేర్ అంటూ రకరకాల పద్ధతులు మన ముందుకు వస్తాయి. కొన్నిటికి నెలనెలా చందా కూడా అడుగుతారు. ఆ చందా కట్టే ముందు పద్ధతిని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఇందుకు పాత డ్రాల జాబితా, ఎక్సెల్ షీటు, ఒక సాయంత్రపు తీరిక ఉంటే చాలు.

ముందుగా ఆట లెక్కను తెలుసుకోవాలి. 1 నుంచి 69 వరకు ఉన్న తెల్ల బంతుల్లోంచి ఐదు, 1 నుంచి 26 వరకు ఉన్న ఎర్ర బంతుల్లోంచి ఒకటి తీస్తారు. తెల్ల బంతులు ఐదు రాగల విధాలు 1,12,38,513. దానిని 26తో గుణిస్తే మొత్తం కలయికలు 29,22,01,338 అవుతాయి. వీటిలో ప్రతి కలయికకూ అవకాశం సమానమే. 1, 2, 3, 4, 5 వరుసగా రావడం ఎంత అరుదో, మీరు ఎంతో ఆలోచించి రాసుకున్న ఐదు నంబర్లు రావడం కూడా అంతే అరుదు. కాబట్టి పద్ధతి చెప్పేవారిని మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: గత డ్రా ఫలితం, ఈసారి యంత్రంలో తిరిగే బంతుల మీద ఏ దారిన ప్రభావం చూపుతుంది? దీనికి సూటిగా జవాబు రాకపోతే ఆ పద్ధతికి పునాది లేనట్లే. ఒకసారి వచ్చిన కలయిక మళ్లీ ఇప్పట్లో రాదనే నమ్మకానికి బల్గేరియా లాటరీలో 2009లో గట్టి దెబ్బే తగిలింది. సెప్టెంబరు 6న వచ్చిన 4, 15, 23, 24, 35, 42 అనే ఆరు నంబర్లే వెంటనే జరిగిన 10వ తేదీ డ్రాలోనూ వచ్చాయి.

ఇక పరీక్ష సంగతి. లాటరీ వెబ్‌సైటు నుంచి పాత ఫలితాలను తీసుకునేటప్పుడు 2015 అక్టోబరులో నియమాలు మారిన తర్వాత జరిగిన డ్రాలను మాత్రమే ఉంచుకుని మిగతావి తొలగించండి. అంతకు ముందు తెల్ల బంతులు 59, ఎర్ర బంతులు 35 ఉండేవి. రెండు కాలాలనూ కలిపేసిన పట్టికల్లో 60 నుంచి 69 వరకు ఉన్న నంబర్లు ‘చాలా తక్కువగా వచ్చినవి’గా కనిపిస్తాయి. ఆ బంతులు అప్పట్లో యంత్రంలోనే లేవన్న విషయం పట్టికలో కనిపించదు. ఈ తేడాను పట్టించుకోకుండా పట్టికలు అమ్మేవారిని నమ్మకపోవడమే మంచిది.

వడపోసిన డ్రాలలోంచి వరుసగా వంద తీసుకుని ఏ తెల్ల నంబరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించండి. సగటున ఒక్కో నంబరు ఏడు సార్లు రావాలి. అయితే కొన్ని పన్నెండు, పదమూడు సార్లు రావడం, మరికొన్ని రెండు సార్లతోనే ఆగిపోవడం కూడా మీకు కనిపిస్తుంది. పద్ధతులు అమ్మేవారు చూపించేది ఈ తేడానే. కానీ యాదృచ్ఛికంగా జరిగే ఏ ఎంపికలోనైనా ఈ మాత్రం ఎగుడుదిగుడు తప్పకుండా ఉంటుంది. ఇప్పుడు ఎక్కువసార్లు వచ్చిన మొదటి పది నంబర్లను రాసుకుని, ఆ తర్వాతి వంద డ్రాలలో అవి అన్నీ కలిసి ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. ఏ ప్రత్యేకతా లేని పది నంబర్లయితే మొత్తం 72 దగ్గర తేలాలి. 57 నుంచి 88 వరకు ఎంత వచ్చినా అది సహజమైన హెచ్చుతగ్గే. తక్కువగా వచ్చిన పది నంబర్లతోనూ ఇదే లెక్క చేయండి. రెండు జట్లూ ఆ సగటు దగ్గరికే చేరడాన్ని స్వయంగా చూసినవారికి మరొకరు నచ్చజెప్పవలసిన అవసరం ఉండదు. అమ్మకానికి పెట్టిన సాఫ్ట్‌వేర్‌ను కూడా డబ్బు పెట్టి కాకుండా కాగితం మీదే పరీక్షించాలి. అది చెప్పిన నంబర్లను డ్రాకు ముందే తేదీతో రాసిపెట్టుకోవాలి. ‘మా సభ్యులు వారం వారం గెలుస్తున్నారు’ అనే ప్రకటనకు లొంగకండి. ఏ పద్ధతీ లేకుండా కొన్నా దాదాపు 25 టికెట్లలో ఒకదానికి ఏదో ఒక బహుమతి వస్తుంది, అది చాలావరకు నాలుగు డాలర్లే.

కొందరు ఎనిమిది తెల్ల నంబర్లు ఎంచుకుని, వాటిలోంచి వచ్చే ఐదేసి నంబర్ల కలయికలన్నీ ఒకే ఎర్ర నంబరుతో కొనే పద్ధతిని సూచిస్తారు. అలాంటి కలయికలు 56, ఖర్చు 112 డాలర్లు. జాక్‌పాట్ అవకాశం మాత్రం వేర్వేరుగా తోచినట్టు కొన్న ఏ 56 టికెట్లకైనా ఉన్నంతే. తేడా ఏమిటంటే, ఇందులో చిన్న బహుమతులు వస్తే గుంపుగా వస్తాయి, లేకపోతే మొత్తానికే రావు.

నంబర్ల ఎంపిక నిజంగా మార్చగలిగేది ఒక్కటే, గెలిస్తే జాక్‌పాట్‌ను ఎంతమందితో పంచుకోవలసి వస్తుందన్నది. పుట్టినరోజులు, పెళ్లిరోజులు వాడేవారు 31 దాటి వెళ్లరు. ఐదు తెల్ల బంతులూ 31 లోపే ఉండే కలయికలు 1,69,911 మాత్రమే, అంటే మొత్తంలో ఒకటిన్నర శాతం. సంఖ్యాశాస్త్రాన్ని నమ్మేవారి పరిస్థితి ఇంకా ఇరుకు. తొమ్మిది అదృష్టసంఖ్య అనుకుంటే 69 లోపు అంకెల మొత్తం తొమ్మిదికి తేలేవి 9, 18, 27, 36, 45, 54, 63 అనే ఏడు నంబర్లే. వాటిలోంచి ఐదు ఎంచుకునే విధాలు 21 మాత్రమే. ఇదే నమ్మకం ఉన్నవారు దేశంలో ఎంతమంది ఉన్నా అందరూ ఆ 21 కలయికల్లోనే సర్దుకోవాలి.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. బ్రిటన్ నేషనల్ లాటరీలో 1995 జనవరి 14న జరిగిన డ్రాలో 7, 17, 23, 32, 38, 42 వస్తే, 133 మంది జాక్‌పాట్ పంచుకుని ఒక్కొక్కరు 1,22,510 పౌండ్లతో సరిపెట్టుకున్నారు. 2005 మార్చి 30న పవర్‌బాల్‌లో 110 మందికి రెండో బహుమతి రావడంతో అధికారులు మోసం జరిగిందేమోనని అనుమానించారు. తీరా చూస్తే వారిలో చాలామంది, చైనీస్ రెస్టారెంట్లలో ఇచ్చే ఫార్చ్యూన్ కుకీల చీటీల మీద అచ్చయిన నంబర్లనే వాడారు. అందువల్ల కొనదలచినవారు యంత్రమే నంబర్లు ఇచ్చే క్విక్ పిక్ తీసుకోవడం, లేదా 31 దాటిన నంబర్లు కూడా కలిసేలా చీటీలు తీసి ఎంచుకోవడం మేలు. అవకాశం పెరగదు కానీ వాటాదారులు తగ్గవచ్చు. కాలిఫోర్నియాలో చిన్న బహుమతులు కూడా స్థిరమైనవి కావు, గెలిచినవారి సంఖ్యను బట్టి పంచుతారు కాబట్టి అక్కడివారికి ఈ జాగ్రత్త మరింత అవసరం.

లాటరీని లెక్కతో గెలిచినవారు లేకపోలేదు. రొమేనియాలో పుట్టిన గణిత నిపుణుడు స్టెఫాన్ మాండెల్ బృందం 1992లో వర్జీనియా లాటరీలోని దాదాపు 70.6 లక్షల కలయికల్లో సుమారు 50 లక్షలు కొని జాక్‌పాట్ గెలిచింది. మసాచుసెట్స్‌లోని క్యాష్ విన్‌ఫాల్ ఆటలో, ఎవరూ గెలవని జాక్‌పాట్ సొమ్ము కింది బహుమతులకు జారే రోజులను కనిపెట్టి కొన్ని బృందాలు లాభం పొందాయి. వారు ఆధారపడింది అదృష్ట నంబర్ల మీద కాదు, టికెట్టు ధరకన్నా బహుమతి విలువ ఎక్కువైన సందర్భం మీద. పవర్‌బాల్‌లో అన్ని కలయికలూ కొనాలంటే రెండు డాలర్ల చొప్పున 58 కోట్ల 44 లక్షల డాలర్లు కావాలి. జాక్‌పాట్‌ను పక్కన పెడితే స్థిర బహుమతుల రూపంలో టికెట్టుకు సగటున తిరిగి వచ్చేది 32 సెంట్లు మాత్రమే. కాబట్టి ఖర్చుకు హద్దు ముందే పెట్టుకోవడం, పోయిన డబ్బును రాబట్టుకోవాలని మరిన్ని టికెట్లు కొనకపోవడం ఏ పద్ధతికన్నా ఎక్కువ ఆదా చేస్తాయి. టికెట్టు కొన్న వెంటనే వెనుక సంతకం చేయండి. ఆఫీసులో కలిసి కొన్నవారు ఎవరి వాటా ఎంతో రాసుకుని, టికెట్ల ఫొటోలు డ్రాకు ముందే అందరికీ పంపండి.

ఇండియాలో ఉన్న బంధువులు ఆన్‌లైన్‌లో పవర్‌బాల్ టికెట్లు కొనవచ్చా అని అడిగితే వద్దని చెప్పండి. లాటరీ టికెట్ల కోసం దేశం నుంచి విదేశాలకు డబ్బు పంపడాన్ని 2000 నాటి విదేశీ మారక నిబంధనలు నిషేధిస్తున్నాయి.