మామిడి కోతల్లో పరుగు ప్రాక్టీసు చేసేవాళ్ళకు జాగ్రత్తలు

మా చిత్తూరు వైపు మే నుంచి జులై దాకా మామిడి తోపున్న ఇంట్లో ఎవరికీ తీరికుండదు. బంగినపల్లి కోస్తుండగానే తోతాపురి అందుకుంటుంది. పాడి ఆవుల పని ఏడాది పొడుగునా ఉండేదే. కానిస్టేబులుకో, అగ్నివీర్‌కో, కాలేజీ జట్టుకో తయారయ్యే పిల్లలు సెలవలకి ఇల్లు చేరేది కూడా అప్పుడే. తెల్లారి పరుగు, పగలంతా తోపు, సాయంత్రం మళ్ళీ పరుగు. మొదటి వారం ఉత్సాహంగానే గడుస్తుంది. రెండో వారంలో ఒకరికి పిక్క పట్టేస్తుంది, ఇంకొకరు కళ్ళు తిరిగి పడతారు.

ఇరవై రెండేళ్ళప్పుడు అలా పడింది నేనే. పొద్దున ఆరింటి నుంచి పదకొండు దాకా కాయ కోసి, దామలచెరువు మండీకి పోయే ట్రాక్టరుకి క్రేట్లు ఎత్తాను. సాయంత్రం నాలుగున్నరకే చెరువు కట్ట మీద నాలుగు వందల మీటర్ల పరుగులు మొదలుపెట్టాను. మూడో పరుగులో, అంత ఎండలోనూ, నాకు చలేసింది. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇదేమిటా అనుకున్నానే గాని ఆగలేదు. నాలుగో పరుగు నాకు గుర్తు లేదు. కట్ట దిగి కంపచెట్ల వైపు తూలుకుంటూ పోతుంటే పట్టుకున్నామని తర్వాత మా అన్న చెప్పాడు. ఎండలో చలి పుట్టడం, వెంట్రుకలు లేవడం, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండడం: వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకి పరుగు ముగిసినట్టే. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా చాలు.

ఆ రోజు నేను చేసిన తప్పు పరుగెత్తడం కాదు. పొద్దున చేసిన పనిని లెక్కలో వేసుకోకపోవడం. ఇరవై కిలోల క్రేటు వంద సార్లు ఎత్తితే రెండు టన్నులు ఎత్తినట్టు. ఏ జిమ్ములోనైనా రెండు టన్నులు ఎత్తినవాడిని ఇంటికి పోయి పడుకోమంటారు. మనం మాత్రం దాన్ని 'ఇంటి పని' అని పక్కన పెట్టి, అసలు ట్రైనింగ్ ఇంకా మొదలుకాలేదనుకుంటాం. గుండెకి, నడుముకి ఆ తేడా తెలియదు. కాబట్టి కోత ఉన్న రోజు బరువులు, దండీలు, గుంజీలు వద్దు. లోడు ఎత్తిన రోజు పరుగు కూడా వద్దు. వారానికి మూడు పరుగులు చాలు. వాటిలో ఒక్కటే గట్టిది పెట్టుకోండి, అదీ కోత లేని రోజున. కానిస్టేబుల్ పరీక్షలో మగవాళ్ళు 1600 మీటర్లు 8 నిమిషాల్లోపు పరుగెత్తాలి. అది నెలల తరబడి నిలకడగా చేసినవాళ్ళకి అందేదే గాని, ఒక్క మే నెలలో ఒళ్ళు విరుచుకుంటే వచ్చేది కాదు.

ఇది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. "పరిగెత్తే ఓపికుంటే ఇంకో నాలుగు క్రేట్లు ఎత్తచ్చు గదరా" అని నాయన అనడం సహజం. ఆయన కష్టం ఆయనది. వారం మొదట్లోనే కూర్చుని, "ఈ మూడు రోజులు పాలు పిండేది నేను కాదు నాయనా, మిగతా రోజులు నేనే లేస్తా" అని తేల్చుకుంటే రోజూ గొడవ ఉండదు. పాలు పిండడానికి నాలుగింటికి లేచినవాళ్ళు రాత్రి తొమ్మిదింటికే పడుకోవాలి. పల్ప్ ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరు వరసలో రాత్రంతా జాగారం చేసి వస్తే మర్నాడు నిద్రే మీ ట్రైనింగ్.

ఎండకి ఒళ్ళు అలవాటు పడడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. హాస్టల్ నుంచి వచ్చిన మొదటి రెండు వారాల్లోనే ఎక్కువమందికి దెబ్బ తగిలేది అందుకే. మొదటి నాలుగు రోజులు తోపు పనైనా, పరుగైనా మామూలులో సగమే చేయండి. పరుగు వేళ మాత్రం వెలుగు రాగానే. సూర్యుడు ఆరింటికి ముందే వచ్చేస్తాడు, ఏడు లోపల ముగించాలి. సాయంత్రం ఐదైనా నేల సెగ కక్కుతూనే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. బరువు తగ్గాలని రెయిన్‌కోటు తొడుక్కుని పరుగెత్తే పిల్లల్ని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. దానివల్ల పోయేది నీళ్ళే, కొవ్వు కాదు.

తిరుపతి చుట్టుపక్కలవాళ్ళు అలిపిరి మెట్లెక్కడం కూడా ప్రాక్టీసే. 3550 మెట్లు ఎక్కడం కన్నా దిగడం తొడల్ని ఎక్కువ నొప్పి పెడుతుంది. మర్నాడు చెట్టెక్కి కాయ కోయాల్సి ఉంటే ముందు రోజు మెట్ల జోలికి పోవద్దు. నొప్పి కాళ్ళతో కొమ్మ మీద నిలబడితే పట్టు తప్పుతుంది.

నీళ్ళ సంగతి. కాయలు తూచే కాటా ఇంట్లోనే ఉంటుంది గదా, రోజూ పొద్దున దాని మీద నిలబడి బరువు రాసుకోండి. పని ముందు అరవై కిలోలుండి, తర్వాత యాభై తొమ్మిదికి వస్తే లీటరు నీళ్ళు పోయాయని లెక్క. మర్నాటి పొద్దుటికి కూడా ఆ కిలో తిరిగి రాకపోతే ఆ రోజు పరుగు మానేయండి. చొక్కా ఆరాక వీపు మీద తెల్లగా ఉప్పు చారలు కనిపిస్తాయి చూడండి, పోయింది నీళ్ళొక్కటే కాదని ఆ చారలే చెప్తాయి. ఉత్త నీళ్ళే గడగడా తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. ఉప్పేసిన మజ్జిగ, రాగి అంబలి, సంగటి మన ఇళ్ళలో ఉన్నవే. ఓఆర్ఎస్ ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్ళే కలపాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళకి తల సమం చేసిన ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు. ఒళ్ళు నొప్పులకని మాత్రలు మింగి ఎండలోకి పోవద్దు. నీళ్ళు తగ్గిన ఒంట్లో కొన్ని నొప్పి మాత్రలు మూత్రపిండాలకి చేటు చేస్తాయి. ఒంటేలు టీ డికాక్షన్ రంగులో వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. అది కండరాలు దెబ్బతిన్న గుర్తు కావచ్చు.

ఇక్కడ ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తోపులో మరుగు ఉండదని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నీళ్ళు ముట్టనివాళ్ళు ఎంతమందో. అలా ఎండిపోయిన ఒంటితో సాయంత్రం పరుగుకి వస్తారు. బోరు షెడ్డు పక్కన నాలుగు గోనెపట్టలు కట్టి చాటు చేయడానికి గంట పట్టదు. కోతలు మొదలయ్యే ముందే ఇంటి మగవాళ్ళు చేయాల్సిన పని ఇది.

చీకట్లో గట్ల మీద పరుగెత్తకండి. ఎండాకాలం పాములు రాత్రుళ్ళే ఎక్కువగా తిరుగుతాయి. టార్చి, బూట్లు లేకుండా బోరు దగ్గరికి కూడా పోవద్దు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం వద్దు. కాలు కదపకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచునున్నవాళ్ళు బాగా తెల్లారాకే బయటికి రండి, ఏనుగులు తోపుల్లోనే ఉండొచ్చు. ఉరుము వినబడగానే మామిడి చెట్టు కింద నుంచి కదిలి ఇల్లు చేరండి.

టమోటాకి మందు కొట్టిన రోజు పరుగు వద్దు. చెమట పట్టిన చర్మం మందుని ఎక్కువగా పీల్చుకుంటుంది. సబ్బుతో స్నానం, బట్టలు విడిగా ఉతకడం తప్పనిసరి. చొంగ కారడం, కంటిపాప చిన్నదవడం కనిపిస్తే వడదెబ్బ అనుకుని ఇంట్లో ఉంచుకోవద్దు. మందు సీసా కూడా పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

వడదెబ్బని గుర్తుపట్టేది మాటతోనే. "ఈరోజు ఏ వారం?" అని అడగండి. తడబడినా, కసురుకున్నా, తూలినా అది వడదెబ్బే అనుకోండి. ఇంకా చెమట పడుతోంది గదా అని ధైర్యపడొద్దు, పని చేస్తూ పడిపోయినవాళ్ళకి చెమట ఆగకపోవచ్చు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్ళు చల్లబరచాలి. బండి వచ్చేదాకా ఆగొద్దు. పశువుల తొట్టి నిండుగా ఉంటే మెడ దాకా అందులో దించి, తల నీళ్ళ పైన ఉండేలా ఒకరు చంకల కింద పట్టుకోండి. తొట్టి లేకపోతే చొక్కా విప్పి ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి. ఎండలో పడున్న పైపులో మొదట వచ్చే నీళ్ళు కాగిన నీళ్ళలా ఉంటాయి, అవి పోయాకే మనిషి మీదికి తిప్పాలి. తెలివి తప్పినా, మగతగా ఉన్నా నోట్లో నీళ్ళు పోయొద్దు.

నన్ను ఆ రోజు అలా తొట్టిలోనే పెట్టారు. రెండో రోజుకే బాగున్నాననిపించింది, పరుగుకి పోతానన్నాను. అమ్మ బూట్లు దాచేసింది. ఆమె చేసిందే సరైంది: వడదెబ్బ తిన్నవాళ్ళు బాగున్నామనిపించినా కనీసం వారం పూర్తి విశ్రాంతి తీసుకుని, డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. మొదట నడక, అదీ చల్లటి వేళ, పక్కన ఒకరు తోడుగా.