కర్నూలులో హోర్డింగ్, లైట్ బోర్డులకు పర్మిషన్: టేపు ముందు, దరఖాస్తు తర్వాత

మీ మిద్దె మీద హోర్డింగ్ పెట్టుకుంటాం, నెలకింత ఇస్తాం అంటూ ఏజెన్సీవాళ్లు వచ్చారా? లేక మీ షాపుకే పెద్ద బోర్డు కొట్టిద్దామనుకుంటున్నారా? ఏదైనా సరే, "మీరు సంతకం పెట్టండి సార్, పర్మిషన్ మేం చూసుకుంటాం" అనే మాట మాత్రం నమ్మి కూర్చోకండి. రేపు నోటీసొచ్చినా, ఈదురుగాలికి బోర్డు ఊడి కిందపడినా జనం వచ్చి తట్టేది మీ తలుపే.

మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 1955 నాటిది, మన కర్నూలుకూ అదే. రోడ్డుకు కనబడేలా ప్రకటన పెట్టాలంటే కమిషనర్ రాతపూర్వక అనుమతి ఉండాలి అంటుంది. మీ స్థలంలో మీ వ్యాపారం గురించే పెట్టుకునే బోర్డుకు మినహాయింపు ఉంది, కానీ ఈ మినహాయింపును చాలామంది సగమే చెబుతారు. ఆ బోర్డుకు లైట్లు ఉండకూడదు, కప్పు పైకి లేచి ఆకాశం బ్యాక్‌గ్రౌండ్‌లో కనబడేది కూడా కాకూడదు. అంటే షట్టర్ పైన మామూలు పేరు బోర్డుకు ఇబ్బంది లేదు, అదే బోర్డు లోపల ట్యూబులు పెట్టి గ్లో సైన్ చేశారంటే దరఖాస్తు పెట్టాల్సిందే. బోర్డులు చేసేవాళ్లు ఈ ముక్క చెప్పరు, వాళ్ల పని బోర్డు అమ్మడం.

తర్వాత స్థలం ఎవరిదో తేల్చుకోండి. ఊరి పక్కనుంచి పోయే 44వ నంబరు హైవే హద్దుల్లో అయితే కార్పొరేషన్ కాగితం పనికిరాదు, అది హైవే అథారిటీ పరిధి, అక్కడ ప్రకటనలకు చోటు లేదనే అనుకోండి. మన ఊళ్లోని గోల్ గుంబజ్‌లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ అడ్వాన్సు తీసుకునే ముందు రెండుసార్లు ఆలోచించండి.

సరే, స్థలం మీదే, ఏ తగాదా లేదు. ఇప్పుడు టేపు తీయండి. రోడ్ల పక్క ప్రకటనల మీద, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 1972లోనే ఐఆర్‌సీ 46 అనే మార్గదర్శకాలు ఇచ్చింది. కూడలికి, వంతెనకు 100 మీటర్ల లోపు వద్దు, పట్టణాల్లో దీన్ని 50కి తగ్గించుకోవచ్చు. ట్రాఫిక్ సైన్ బోర్డుకు 50 మీటర్ల లోపు, వాహనాలు తిరిగే రోడ్డు అంచుకు 10 మీటర్ల లోపు కూడా వద్దంటుంది. రోడ్డుకు అడ్డంగా కట్టే బ్యానర్లు అసలే వద్దు. ఈ లెక్కన రాజ్‌విహార్ సెంటర్లోనో, బళ్లారి చౌరస్తాలోనో ఇప్పుడున్నవి ఎన్ని నిలుస్తాయో ఒకసారి తల పైకెత్తి చూడండి. "పక్కోడిది ఉంది కదా" అన్నది మాత్రం ఆఫీసులో వాదన కింద చెల్లదు.

లైట్ల విషయంలో అవే మార్గదర్శకాలు సూటిగా ఉన్నాయి: ఆరుతూ వెలిగేవి, కదిలేవి వద్దు (టైము, ఉష్ణోగ్రత చూపించేవాటికి మినహాయింపు), డ్రైవర్ కళ్లు జిగేల్‌మనేంత వెలుగు వద్దు, సిగ్నల్ లైట్‌తో కలిసిపోయేలా అసలే వద్దు. సిగ్నల్ వెనకాలే ఎర్రటి ఎల్‌ఈడీ బోర్డు ఉంటే రాత్రి బైక్ మీద వచ్చేవాడి పరిస్థితి ఏంటో మీకే తెలుసు. వీడియో తిరిగే స్క్రీన్ పెట్టాలనుకుంటే ముందు టౌన్ ప్లానింగ్‌లో అడిగి తెలుసుకుని అప్పుడు కొనండి, కొన్నాక అడగకండి. హోర్డింగ్‌కు కరెంటు కూడా షాపు మీటర్ నుంచి లాగేయకండి. విద్యుత్ టారిఫ్‌లో హోర్డింగులకు విడిగా కేటగిరీ ఉంది, కాబట్టి కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్‌లో వేరే సర్వీసు తీసుకోవాలి.

దరఖాస్తు కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగానికి వెళ్తుంది. అయితే ముందు మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలిస్తే స్థలం పరిస్థితి అక్కడే సగం తేలిపోతుంది. స్థలం పత్రాలు లేదా ఓనర్ ఒప్పందం, బకాయి లేని ఆస్తి పన్ను రసీదు, కొలతలతో సైట్ ప్లాన్, రోడ్డు రెండు వైపుల నుంచీ తీసిన ఫొటోలు, స్ట్రక్చరల్ ఇంజినీర్ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి.

చివరిదాని దగ్గర కక్కుర్తి పడకండి. సైట్ చూడకుండా సంతకం పెట్టే ఇంజినీర్లు దొరుకుతారు, చవగ్గానే దొరుకుతారు. 2024 మే 13న ముంబై ఘాట్‌కోపర్‌లో కూలి 17 మందిని చంపిన హోర్డింగ్ 120 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు. అక్కడ అనుమతించే గరిష్ఠం 40 బై 40. మన ఊళ్లోనూ ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలి ఎట్లా లేస్తుందో తెలుసు కదా, అందుకే ఇంజినీర్‌ను మిద్దె ఎక్కించి, పాత స్లాబ్ ఆ బరువు ఆపుతుందో లేదో చూపించండి.

ప్రకటనల పన్ను జీఎస్టీలో కలిసిపోయింది కాబట్టి మీరు కట్టేది లైసెన్స్ ఫీజు. రసీదు మీద ఏ పద్దు కింద తీసుకున్నారో చూసుకోండి.

అనుమతి వచ్చాక కూడా అందులో రాసిన సైజు, చోటు, గడువు వరకే అది చెల్లుతుంది. మధ్యలో పైకి ఇంకో నాలుగడుగులు పెంచినా, బిల్డింగ్‌ను మార్చి కట్టినా పాత కాగితం పోయినట్టే. ఏజెన్సీతో రాసుకునే ఒప్పందంలో రెన్యువల్ ఎవరు చేయించాలి, తీసేయమంటే ఖర్చు ఎవరిది, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది అన్న మూడూ విడివిడిగా రాయించుకుని, అనుమతి కాపీ చేతికొచ్చాకే ఇనుము మిద్దె ఎక్కనివ్వండి.