మిద్దె మీద కూర మొక్కలు పెట్టేముందు

నెల్లూరులో మిద్దె తోట మొదలుపెట్టేవాళ్లు విత్తనాలు కొనకముందే ఇవి చూసుకోండి.

అన్నిటికన్నా ముందు నీళ్లు. సముద్రం వైపు ఊళ్లలో చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి. చుక్క నాలిక మీద వేసుకున్నా తెలిసిపోతుంది. ఆ నీళ్లు పోస్తే చిక్కుడు ఆకుల కొసలు మాడతాయి, పాలకూర కొంత తట్టుకుంటుంది. వాన నీళ్లు డ్రమ్ములో పట్టుకోండి, దోమలు చేరకుండా మూత బిగించండి.

సముద్రపు ఇసక మట్టిలో అసలు కలపొద్దు. కొబ్బరి పొట్టును రెండుసార్లు కడిగి, పిండి వాడండి, అందులోనూ ఉప్పుంటుంది.

పశువుల ఎరువు పచ్చిది వద్దు. గుప్పిట్లోకి తీసుకుంటే వెచ్చగా ఉండి పేడ వాసన కొడితే ఇంకా మాగలేదు. మాగినది నల్లగా, పొడిపొడిగా, తొలి వాన పడ్డ మట్టిలా వాసన వస్తుంది. తొందరపడి పచ్చిదే వేసి వంగనారంతా పోగొట్టుకున్నాను, ఆ బాధ మీకొద్దు.

20 లీటర్ల బకెట్ నిండా మట్టి తడిస్తే 25 కిలోలు దాటుతుంది. శ్లాబు నడిమధ్యన గుంపుగా పెట్టకుండా కింది గదుల గోడలు వచ్చే చోట వరసగా పెట్టండి. కింద ఇటుకలుంచితే తడి నిలవదు.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కుండీల అడుగు కన్నాలు అంతకుముందే పుల్లతో పొడిచి చూడండి. వాయుగుండం కబురు వినగానే లేత నారును వరండాలోకి దించండి. టమాటాకు కర్ర ఊతం నాటిన రోజే కట్టాలి, తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి.