వైద్య శిక్షణలో వైకల్యం ఉన్న విద్యార్థికి తోడ్పడటం ఎలా?

వైకల్యం ఉన్న విద్యార్థి వైద్య కళాశాలలో చేరగానే "ఈ పని ఆయన చేయగలరా?" అన్న ప్రశ్న అధ్యాపకుల మధ్య మొదలవుతుంది. "ఈ పనితో సాధించవలసినది ఏమిటి, దాన్ని ఇంకెన్ని విధాలుగా సాధించవచ్చు?" అని అడిగితే చిక్కులు చాలావరకు విడిపోతాయి.

1. అర్హత నియమాలను సరిచూడండి. "విద్యార్థి స్టెతస్కోపుతో గుండె చప్పుడు వినాలి" అని రాసి ఉంటే వినికిడి లోపం ఉన్నవారు గుమ్మంలోనే ఆగిపోతారు. "గుండె శబ్దాల్లోని తేడాను గుర్తించి, దాని అర్థం చెప్పాలి" అని రాస్తే ప్రమాణం ఏమాత్రం తగ్గదు, దారి మాత్రం తెరుచుకుంటుంది. ఎలక్ట్రానిక్ స్టెతస్కోపు శబ్దాన్ని పెంచుతుంది. కొన్ని రకాలు దాన్ని తెర మీద గీతగా కూడా చూపిస్తాయి. మొదటి శబ్దానికీ రెండో శబ్దానికీ మధ్య నున్నగా సాగవలసిన గీత అక్కడ గజిబిజిగా వణుకుతుంటే, చెవితో పట్టుకునే మర్మర్‌నే (గుండెలో అసహజంగా వినిపించే శబ్దాన్నే) ఆ విద్యార్థి కంటితో పట్టుకుంటారు. అలాగే, చక్రాల కుర్చీలో ఉన్న వైద్యురాలు గుండె ఆగిన రోగి ఛాతీని స్వయంగా నొక్కలేకపోయినా, ఎవరు నొక్కాలో, ఎప్పుడు మందు ఇవ్వాలో చెబుతూ బృందాన్ని నడిపించగలరు. నిజానికి అత్యవసర చికిత్సలో బృంద నాయకత్వం వహించేవారు సాధారణంగా చేసేది ఆ పనే.

2. తరగతులు మొదలుకాకముందే మాట్లాడండి. జబ్బు పేరు, దాని పూర్వాపరాలు కాక, ఏయే చోట్ల ఇబ్బంది ఎదురవుతుందో అడగండి. మార్కులు వేసేవారు, సదుపాయాలు కల్పించేవారు ఒకరే కాకూడదు. ఒకరే అయితే విద్యార్థి నోరు విప్పరు.

3. విద్యార్థి వెళ్లబోయే చోట్లను ముందే స్వయంగా చూసి రండి. ర్యాంపు, లిఫ్టు, మరుగుదొడ్డి ఎవరికైనా గుర్తుకొస్తాయి. మరచిపోయేది ఆపరేషన్ థియేటర్. అందరూ మాస్కులు వేసుకుంటారు కాబట్టి పెదవుల కదలికను బట్టి మాటలు గ్రహించేవారికి అక్కడ ఏమీ అందదు. పారదర్శకమైన మాస్కులు కొంతవరకు పనికొస్తాయి. సంకేత భాషా అనువాదకులు ఉంటే, శస్త్రచికిత్స జరిగే చోటూ వారి చేతులూ ఒకే చూపులో కనిపించేలా వారిని నిలబెట్టాలి. ఆ రోజు వాడే పదాల జాబితాను ముందురోజే వారికి ఇవ్వాలి. బల్ల ఎత్తు తగ్గించగలిగితే కూర్చుని పనిచేసేవారికీ అందులో చోటుంటుంది.

4. పరీక్షల్లో దేన్ని కొలుస్తున్నారో తేల్చుకోండి. డిస్లెక్సియా (చదవడం కష్టమయ్యే సమస్య) ఉన్నవారికి ప్రశ్నపత్రం చదవడానికి అదనపు సమయం ఇస్తే, చదివే వేగం కాక వైద్య పరిజ్ఞానం బయటపడుతుంది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవారికి ఫొటో తీసిన పేజీలు పనికిరావు, అక్షరాలుగా చదవగలిగే ఫైళ్లే కావాలి.

5. ఉద్యోగంలో చేరాక కూడా ఏర్పాట్లు తెగిపోకుండా చూడండి. శిక్షణలో ఉన్న వైద్యులు విభాగం మారిన ప్రతిసారీ కొత్త అధికారికి మొదటినుంచి కథంతా చెప్పుకోవలసి రావడం వైకల్యం కన్నా ఎక్కువగా అలసిపోజేస్తుంది. ఒప్పుకున్న సదుపాయాలన్నీ ఒక పత్రంలో రాసి, వారి అనుమతితో తరువాతి విభాగానికి ముందే పంపండి. మూర్ఛ వ్యాధి ఉన్న కొందరికి నిద్రలేమి వల్ల ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి, రాత్రి డ్యూటీలకు బదులు సెలవు రోజుల పగటి డ్యూటీలు ఇవ్వవచ్చు. అలా మార్చినందుకు సహోద్యోగుల ముందు సంజాయిషీ చెప్పుకునే స్థితి వారికి రానీయకూడదు.

ఇవన్నీ దయతో చేసే ఏర్పాట్లన్న భావన చాలాచోట్ల ఉంది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం మాత్రం, సహేతుకమైన సదుపాయాన్ని నిరాకరించడం కూడా వివక్షేనని చెబుతోంది. అందుకే ఏ విన్నపాన్నైనా కాదనవలసి వస్తే, కారణాన్ని రాతపూర్వకంగా ఇచ్చి, బదులుగా ఏం చేయగలరో అదే కాగితంలో రాయండి.