పిల్లిని చదవడం - మూడో పాఠం: ఉన్నట్టుండి మారితే

గత పాఠంలో ఒక పని ఇచ్చాను. వారం పాటు మీ పిల్లి మామూలు దినచర్యను రాసి పెట్టమన్నాను: ఎంత తింటుంది, లిట్టర్ బాక్స్‌కి (మలమూత్రాల కోసం లిట్టర్ అనే ఇసుకలాంటిది పోసి పెట్టే డబ్బా) ఎన్నిసార్లు వెళ్తుంది, ఎక్కడ పడుకుంటుంది, ఎంత ఎత్తుకు దూకుతుంది, పిలిస్తే ఏం చేస్తుంది. రాయనివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి. ఈ పాఠమంతా ఆ కాగితం మీదే నడుస్తుంది.

ఈసారి నేర్చుకోబోయేది, పిల్లి ప్రవర్తన ఒక్కసారిగా మారినప్పుడు ఏ వరుసలో ఆలోచించాలన్నది. చాలామంది "దీనికి నా మీద కోపమొచ్చిందా?" అన్న దగ్గర మొదలుపెడతారు. నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి పరుపు మీద మూత్రం పోసిందంటే, వదిలేసి వెళ్లినందుకు కక్ష తీర్చుకుందని తేల్చేస్తారు. పిల్లికి అలిగే గుణం అంటగట్టడం మనకు సరదా, కానీ ఆ సరదాలో రోగం దాక్కుంటుంది. మూత్రాశయం వాచిన పిల్లికి లిట్టర్ బాక్స్ అంటే మంట గుర్తొస్తుంది, అందుకే వేరే మెత్తటి చోటు వెతుక్కుంటుంది. ఇంట్లో టెన్షన్ పెరిగితే కొన్ని పిల్లులకు నిజంగానే మూత్రాశయం వాస్తుంది. అంటే మీరు ఊరెళ్లడానికీ పరుపు తడవడానికీ సంబంధం ఉండొచ్చు, అయితే దాని దారి వేరు.

అందుకని మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒంటి గురించే. ఇందులో కొన్ని మార్పులకు ఆలోచించే వ్యవధి కూడా ఉండదు. మగపిల్లి మాటిమాటికీ లిట్టర్ బాక్స్‌లో కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, కింద నాకుకుంటూ ఉంటే మలబద్ధకం అనుకోకండి. ముందు బాక్స్‌లో తడి ఉందో లేదో చూడండి. లేకపోతే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అర్ధరాత్రయినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. నోరు తెరిచి రొప్పుతున్నా, వెనక కాళ్లు హఠాత్తుగా పడిపోయి పాదాలు చల్లబడినా అంతే. తిండి మానేస్తే ఒక్క రోజుకు మించి ఎదురుచూడకండి. లావుగా ఉన్న పిల్లి కొన్ని రోజులు పస్తుంటే ఒంట్లో కొవ్వు కాలేయంలో పేరుకుని, అదే ఇంకో జబ్బవుతుంది.

మిగతా మార్పులు ఇంత గట్టిగా హెచ్చరించవు. పదేళ్లు దాటిన పిల్లి రాత్రుళ్లు ఇల్లంతా తిరుగుతూ గావుకేకలు పెడుతోందా? ఆబగా తింటూనే బక్కచిక్కిపోతోందా? థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేస్తోందేమో రక్తపరీక్షలో తెలుస్తుంది. గోడలకు తగులుకుంటూ, కనుపాపలు పెద్దవై ఉంటే రక్తపోటు పెరిగి చూపు పోయి ఉండొచ్చు, ఆలస్యం చేయకండి. ముసలితనంలో మతిమరుపు కూడా రాత్రి అరుపులకు కారణమే. కాకపోతే మిగతావన్నీ పరీక్షించి, కావని తేలాకే ఆ మాట అనాలి.

అన్నిటికంటే ఎక్కువగా దాగేది నొప్పి. పిల్లి వేటాడే జంతువే, తనకంటే పెద్దవాటికి వేట కూడా. బలహీనత బయటపెట్టడం దాని స్వభావంలో లేదు. గుర్రుమంటోంది కాబట్టి హాయిగా ఉందనీ చెప్పలేం, బాధలోనూ గుర్రుమంటుంది. మరి ఎలా తెలుస్తుంది? మాంట్రియల్ విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు ముఖం చూసి నొప్పిని అంచనా వేసే ఒక కొలమానం తయారుచేసి, 2019లో ప్రచురించారు. ఇంట్లో కూడా సాధన చేయొచ్చు. పిల్లి మెలకువగా, ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు అర నిమిషం దూరం నుంచి చూడండి. చెవులు నిటారుగా ముందుకు ఉన్నాయా, పక్కలకు తిరిగి దూరం జరిగాయా? కళ్లు బాగా తెరిచి ఉన్నాయా, బిగించి సన్నగా ఉన్నాయా? మూతి గుండ్రంగా వదులుగా ఉందా, బిగుసుకుని కోలగా ఉందా? మీసాలు వదులుగా వంగి ఉన్నాయా, తిన్నగా ముందుకు సాగాయా? తల భుజాల కంటే పైన ఉందా, కిందికి వాలిందా? ఒక్కోదానికి మామూలుగా ఉంటే 0, కొంచెం మారితే 1, స్పష్టంగా మారితే 2 మార్కులు. మొత్తం 10కి 4 లేదా అంతకంటే ఎక్కువ వస్తే నొప్పికి చికిత్స అవసరమవుతుంది. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, ఒళ్లు నాకుకుంటున్నప్పుడు మార్కులు వేయకండి, లెక్క తప్పుతుంది.

నొప్పి ఉందని తేలాక ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయాలనిపిస్తుంది. వద్దు. ఒక్క మాత్ర చాలు, పిల్లి చనిపోవడానికి.

డాక్టర్ చూసి ఒంట్లో ఏమీ లేదన్నాకే రెండో ప్రశ్న: ఇంట్లో, ఇంటి చుట్టూ ఏం మారింది? కొత్త మనిషి, కొత్త సోఫా, లిట్టర్ రకం మార్చడం, బాక్స్‌ను వాషింగ్ మెషీన్ పక్కకు జరపడం, ఇవన్నీ మీకు తడతాయి. తట్టనిది ఒకటుంది. పిల్లి కిటికీలోంచి బయటి పిల్లిని చూసింది. ఒళ్లంతా ఉద్రేకం, ఎదురుగా గాజు. సరిగ్గా అప్పుడే మీరు వెళ్లి నిమిరారు, చేయి రక్కేసింది. మీరు చూసేసరికి బయటి పిల్లి వెళ్లిపోయి ఉంటుంది కాబట్టి, మీకు కారణం లేని కోపంలా కనిపిస్తుంది. ఆ ఉద్రేకం గంటల తరబడి, ఒక్కోసారి మరుసటి రోజు దాకా దిగదు. బుజ్జగించడానికి ఎత్తుకోకండి. గదిలో దీపం తగ్గించి, నీళ్లూ బాక్సూ పెట్టి, తలుపు దగ్గరగా వేసి వదిలేయండి. తర్వాత కిటికీ కింది భాగానికి కాగితం అంటించండి.

రెండు పిల్లులున్న ఇళ్లలో ఇంకో రకం. ఒకదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి వచ్చాక రెండోది దాన్ని చూసి బుసకొడుతుంది. నిన్నటిదాకా కలిసి పడుకున్నవే! పిల్లి తనవాళ్లను ఎక్కువగా వాసనతోనే గుర్తుపడుతుంది, వచ్చినదానికి ఆసుపత్రి వాసన ఉంది. ఒక రోజు విడిగా ఉంచి, ఒకదాని దుప్పటి ఇంకోదాని దగ్గర వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

కరిచే విషయంలో ఒక హెచ్చరిక. బయట తిరిగే, టీకా వేయించని పిల్లి హఠాత్తుగా మీద పడితే రేబిస్ ఆలోచన రావాలి. కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టర్‌ను కలవండి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ పిల్లి నేల మీద దొర్లుతూ, నడుం ఎత్తి, రాత్రంతా అరుస్తుంటే జబ్బేమీ కాదు, ఎదకు వచ్చింది.

ఇక అభ్యాసం. తొమ్మిదేళ్ల పిల్లి. నెల నుంచి కిటికీ గట్టు మీద పడుకోవడం మానేసి, కింద చాప మీద ఉంటోంది. తిండి బాగానే ఉంది. వారం నుంచి రెండు మూడు సార్లు లిట్టర్ బాక్స్ అంచు బయట మలం కనిపించింది. నిన్న పిల్లవాడు నడుం పట్టుకుని ఎత్తబోతే కరిచింది. ఇంట్లో అందరూ "వయసొచ్చి చిరాకు పెరిగింది" అంటున్నారు. ఈ మార్పుల్లో ఏది ముందు మొదలైందో, వాటిని కలిపే కారణం ఏదై ఉండొచ్చో, లిట్టర్ బాక్స్ ఎత్తు గురించి ఈ రోజే ఏం చేయొచ్చో మీ నోట్‌బుక్‌లో రాయండి. జవాబు నాలుగో పాఠం మొదట్లో.