చలికాలం చివర్లో కొండెక్కేవాళ్లు ముందు రాత్రి సంగతి చూడాలి

మంచు కొండలకి బయల్దేరే ప్రతివాళ్లూ రేపు ఎండ కాస్తుందా లేదా అనే అడుగుతారు. ఈ కాలంలో అంతకంటే ముందు రాత్రి మబ్బు పట్టిందా లేదా అన్నది ముఖ్యమని నేను చెబుతాను.

మబ్బు లేని రాత్రి మంచులోని వేడి ఆకాశంలోకి పోతుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకి కాస్త పైనున్నా పైపొర గడ్డకడుతుంది. తెల్లవారుజామున దాని మీద క్రాంపాన్లు (బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్లు) చక్కగా పట్టుకుంటాయి. జారితే మాత్రం ఆగడం కష్టం, అందుకని ఐస్ యాక్స్ (మంచులో గుచ్చి ఆగే గొడ్డలి) బ్యాగ్‌కి కాదు, చేతిలో ఉండాలి. రాత్రంతా మబ్బు కమ్మి ఉంటే ఆ పొర సరిగా గట్టిపడదు, పొద్దున్నే మోకాళ్ల దాకా దిగబడతాం. అలాంటి రోజు నిటారు వాలు జోలికి నేను అస్సలు వెళ్లను.

రాత్రి మెలకువ వస్తే ఒకసారి బయటికి తొంగిచూడండి. చుక్కలు కనిపిస్తే చీకటితోనే హెడ్‌ల్యాంప్ పెట్టుకుని బయల్దేరండి. తూర్పు వాలుకి ఎండ ముందు తగులుతుంది, పడమటి వాలు మధ్యాహ్నం మెత్తబడుతుంది. ఎక్కేదారీ దిగేదారీ దాన్నిబట్టే ఎంచుకోండి.

కింద ఊళ్లో ఉష్ణోగ్రత చూసి బట్టలు సర్దుకోవద్దు. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. గాలి సంగతి వేరే. సున్నా డిగ్రీల దగ్గర గంటకి 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 7లా తగులుతుంది. గ్లోవ్స్ రెండో జత తప్పనిసరి. నల్ల కళ్లద్దాలు కూడా, మబ్బున్నా సరే.

ఆ గాలే మంచుని ఒక పక్క ఊడ్చి అవతలి వాలు మీద పోగేస్తుంది. మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే. అడుగు వేయగానే కిందనుంచి బోలుగా ధబ్‌మన్నా, కాళ్ల ముందు పగులు పాకినా వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చేయండి, చర్చలు వద్దు. శిఖరం అంచున మంచు ఇంటి చూరులా ముందుకి వేలాడుతుంటుంది, దాని కింద నేల ఉండదు. అంచుకి బాగా ఎడంగా నడవండి.

తిరుగుదారిలో వాగుల దగ్గర ఇంకా జాగ్రత్త. పొద్దున నడిచి దాటిన మంచు మధ్యాహ్నానికి అదే బరువు ఆపకపోవచ్చు. కింద నీళ్ల చప్పుడు పొద్దుటికన్నా పెద్దగా వినిపిస్తే, గంట ఆలస్యమైనా సరే, చుట్టు తిరిగి రండి.